35 వేల సూపర్ క్లోనా, అదే డబ్బుకి మామూలు స్విస్ వాచీనా? వైజాగ్ ఉప్పుగాలికి ఏది ఆగుతుంది?

గాజువాక_రైడర్ అడుగుతున్నారు:

నమస్కారం అండి. బడ్జెట్ 40 వేలు. కొన్ని నెలలు ఆగితే ఇంకో ముప్పై కలుస్తాయి.

తెలిసినాయన ఒకరు రోలెక్స్ సబ్‌మెరైనర్ "సూపర్ క్లోన్" (అసలుకి అచ్చం నకలు) 35 వేలకి తెప్పిస్తానంటున్నారు. 904ఎల్ స్టీలు, సఫైర్ అద్దం, సిరామిక్ బెజెల్ (అద్దం చుట్టూ ఉండే రింగు), రోలెక్స్ 3235 మెషిన్‌కి క్లోన్, 100 మీటర్ల వాటర్ ప్రూఫ్ అని చెబుతున్నారు. బిల్లు ఉండదు, ఏడాది గ్యారంటీ నోటి మాట మీదే. రెండో దారి షోరూమ్‌కి వెళ్లి టిసాట్ పీఆర్ఎక్స్ క్వార్ట్జ్ (సెల్లుతో నడిచేది) లాంటిది కొనడం, లేదా ఆగి ఆటోమేటిక్ (చెయ్యి కదలికకే స్ప్రింగ్ ఎక్కేది) తీసుకోవడం.

వాడకం గట్టిగానే ఉంటుంది. స్టీల్ ప్లాంట్ షిఫ్టులు, బండి మీద తిరుగుడు, ఆదివారాలు రుషికొండ, భీమిలి బీచ్‌లు. చెమట ఎక్కువ. చేతి నుంచి వాచీ తీసే అలవాటు లేదు.

పరువు, షో ఆఫ్ గొడవ వద్దు. మెషిన్ ఎన్నాళ్లు ఆగుతుంది, నీళ్లు పోతాయా, పాడైతే మన ఊళ్లో బాగుచేసేవాళ్లు ఉంటారా అన్నది చెప్పండి చాలు.

---

డయల్_డౌన్:

రెప్లికా అన్న పేరు కింద మూడు నాలుగు రకాల సరుకు ఉందండి. వాటిని విడదీయకుండా పోలిస్తే ఎటూ తేలదు.

బండి మీద రెండు మూడు వేలకి "ఫస్ట్ కాపీ", "7ఏ" అని అమ్మేవి ఎక్కువగా చవక క్వార్ట్జ్. క్రోనోగ్రాఫ్‌లా (స్టాప్‌వాచ్ ఉన్న వాచీలా) కనిపించే చిన్న డయళ్లలో ముళ్లు ఊరికే అతికించి ఉంటాయి. వాటి గురించి చర్చ దండగ. ఆ పైన ఆటోమేటిక్ అని వచ్చే చవక రకంలో చాలాసార్లు డీజీ2813 ఉంటుంది. జపాన్ మియోటా 8200 వరస చూసి చేసిన చైనా మెషిన్ అది. గంటకి 21,600 బీట్లు (టిక్‌లు). రోటర్ (లోపల తిరిగే బరువు) ఒకవైపు తిరిగితేనే స్ప్రింగ్ ఎక్కుతుంది, రెండో వైపు ఖాళీగా గిర్రున తిరుగుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే ఆ చప్పుడు తెలిసిపోతుంది. కీ (పక్కన తిప్పే గుండీ) లాగినా సెకన్ల ముల్లు ఆగదు. మెషిన్‌గా అది మరీ చెత్తేమీ కాదు, మొండిది, పెద్దగా చెడదు. దాని చుట్టూ ఉన్న కేసే చెత్త.

మీకు చెప్పినది పై రకం. 3135, 3235 అమరికని పార్టు పార్టునా కొలిచి చేసిన నకలు, 28,800 బీట్లు. చక్రాల అమరిక అచ్చం దిగిపోతుంది, ఫొటోల్లో పట్టుకోవడం కష్టం. తేడా ఉండేది ఫొటోలో పడని చోట్ల. పివట్ల (చక్రాల ఇరుసు కొనల) పాలిష్, పళ్ల కొలతలో మైక్రాన్లు, ప్యాలెట్ స్టోన్ (చక్రాన్ని ఆపి వదిలే రాయి) మీద నూనె ఉందా లేదా, బిగించే ముందు బ్రిడ్జిలు (చక్రాలని పట్టి ఉంచే పలకలు) కడిగారా లేదా. వీటిని విప్పితే తరచూ కనిపించేవి ఇవి: లోహపు రజను, ఒక చోట నూనె మడుగు కట్టి ఇంకో చోట పొడిగా ఉండటం, సగమే బిగిసిన స్క్రూలు. రోటర్ స్క్రూ ఊడి లోపలే తిరిగితే టైముని నడిపే బ్యాలెన్స్ వీల్ గాని దాని సన్నటి హెయిర్ స్ప్రింగ్ గాని పోతుంది, ఇక ఆ మెషిన్ పని అయిపోయినట్టే. తర్వాత ఎక్కువగా చెడేది కీ భాగం. స్టెమ్ (కీ కాడ) పొడవు అర మిల్లీమీటరు తప్పినా స్క్రూ కీ (తిప్పి బిగించే రకం) పూర్తిగా కూర్చోదు. కూర్చోని కీని రోజూ బలవంతంగా తిప్పితే కేసులోని ట్యూబ్ మరలు అరిగిపోతాయి. డయల్ కాళ్లు సరిపోక గమ్ చుక్కలతో అతికించినవీ ఉంటాయి. అవి ఊడితే డయల్ కదిలి ముల్లుకి తగులుతుంది.

క్రోనోగ్రాఫ్ క్లోన్ల జోలికి అసలు వెళ్లకండి. 7750 అనే స్టాప్‌వాచ్ మెషిన్ నకలు మీద అదనపు చక్రాలు పెట్టి చిన్న సెకన్ల డయల్‌ని 6 దగ్గరికి జరిపినవి మరీ ప్రమాదం. ఆ అదనపు చక్రాల రాపిడికి బలమంతా కారిపోయి తరచూ ఆగిపోతాయి.

వీటి మధ్యలో ఒక రకం మాత్రం గుర్తుపెట్టుకోండి. స్విస్ కంపెనీ ఈటీఏ చేసే 2824-2 మెషిన్ నకళ్లు, అంటే సీగల్ ఎస్‌టీ2130, పీటీ5000 లాంటివి. అసలు 2824-2 లాగే 25 రాళ్లు (రాపిడి తగ్గించేవి), 28,800 బీట్లు, పూర్తి కీ మీద దాదాపు 38 గంటలు నడిచే నిల్వ. వీటికి చాలా పార్టులు ఈటీఏవే సరిపోతాయి, కాబట్టి రిపేరుకి దారి ఉంటుంది. 3235 నకలుకి ఆ సౌకర్యం లేదు. అసలు పార్టులు రోలెక్స్ కంపెనీ బయటివాళ్లకి ఇవ్వదు. నకలు పార్టులు విడిగా దొరకవు. ఇంకో నకలు మెషిన్ కొని అందులోంచి పీకాల్సిందే. మీ 35 వేల లెక్కలో ఈ రెండో మెషిన్ ఖర్చు లేదు, చూసుకోండి.

ఇక స్విస్ వైపు. అక్కడా అంతా బంగారం కాదు. 2017 జనవరి 1 నుంచి "స్విస్ మేడ్" అని రాయాలంటే వాచీ తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో అయి ఉండాలి. మెషిన్ స్విస్‌ది అయి, బిగింపు, చివరి తనిఖీ అక్కడే జరగాలి. మిగతా 40 శాతంలో కేసు, డయల్, చైను ఎక్కడివైనా కావచ్చు. ఈ ధరలో మీకు దొరికే ఆటోమేటిక్ మెషిన్లు ముఖ్యంగా రెండు. సెలిటా ఎస్‌డబ్ల్యు200-1 అంటే 2824 కుటుంబమే, 26 రాళ్లు. పార్టులు దొరుకుతాయి, పని తెలిసిన ఏ వాచీ రిపేరు మాస్టారైనా విప్పగలరు. రెండోది టిసాట్, హామిల్టన్, మిడో, సెర్టినా వాడే పవర్‌మ్యాటిక్ 80 వరస. 2824 నుంచే పుట్టింది, బీట్లు 21,600కి తగ్గించి, బ్యారెల్‌లో (స్ప్రింగ్ ఉండే డబ్బాలో) పొడవు స్ప్రింగ్ పట్టేలా చేసి నిల్వని 80 గంటలకి తెచ్చారు. శుక్రవారం రాత్రి తీసి పెడితే సోమవారం ఉదయం నడుస్తూనే ఉంటుంది.

దీని మీద నా ఫిర్యాదు ఒక్కటే. టైము సరిచేసే మామూలు లివర్ ఇందులో ఉండదు, ఫ్యాక్టరీలో లేజర్‌తో సరిచేసి పంపుతారు. కొన్ని రకాల్లో టిక్ టిక్ కొట్టించే ఎస్కేప్ వీల్, ప్యాలెట్ ఫోర్క్ సింథటిక్‌వి. మన రిపేరు షాపులో "రోజుకి 12 సెకన్లు ముందుకెళ్తోంది, కాస్త తగ్గించండి" అంటే కుదిరే పని కాదు. కంపెనీ సర్వీసుకి పంపితే చాలాసార్లు మెషిన్ మొత్తం మార్చి ఇస్తారు. నచ్చినా నచ్చకపోయినా అక్కడ పని జరిగే తీరు అది. అయితే మార్చడానికి మెషిన్ ఉంది, మార్చేవాడు ఉన్నాడు, దానికో రేటు ఉంది.

---

ఉప్పుగాలి:

మెషిన్ సంగతి పైన చెప్పేశారు. రైడర్ గారూ, మీ వాడకానికి మెషిన్ కన్నా ముందు పోయేవి రబ్బరు రింగులు. మన ఊళ్లో గాలిలో తేమ, ఉప్పు, పైగా మీ చెమట. వాచీ లోపలికి ఒక్క చుక్క ఉప్పునీరు వెళ్తే రోజుల్లోనే తుప్పు మొదలవుతుంది. ముందు స్టెమ్, తర్వాత దాని పక్క స్ప్రింగులు. మంచి నీళ్లయితే కొంచెం టైము దొరుకుతుంది, సముద్రపు నీళ్లయితే అది కూడా ఉండదు.

నీళ్లు వెళ్లే దార్లు మూడు: కీ ట్యూబ్, వెనక మూత, అద్దం అంచు. ఇందులో సూపర్ క్లోన్లకి కీ ట్యూబే బలహీనం. చాలా వాటిలో ట్యూబ్‌ని మరలతో బిగించకుండా ఒత్తిడితో దించి గమ్ వేస్తారు. ట్యూబ్ లోపలి చిన్న ఓ-రింగ్ పొడిగా ఉంటుంది, కొన్నిట్లో అసలు ఉండదు. డయల్ మీద 300 మీటర్లు అని అచ్చు వేయడానికి ఎవరికీ పరీక్ష అవసరం లేదు కదా. అసలు డైవర్ వాచీకి ఐఎస్ఓ 6425 ప్రకారం రాసిన లోతు కన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడి మీద పరీక్ష చేస్తారు. మామూలు వాచీలకి ఐఎస్ఓ 22810.

స్విస్ కొన్నా నీళ్ల అంకె చూసే కొనండి. 3 బార్ (30 మీటర్ల రేటింగ్) అంటే చేతులు కడుక్కోవడం, చినుకులు, అంతవరకే. టిసాట్ లె లాక్ అందమైన వాచీ, కానీ 3 బార్. రుషికొండకి పనికిరాదు. పీఆర్ఎక్స్ 10 బార్. కీ స్క్రూ రకం కాదు, నొక్కే రకమే, కాబట్టి నీళ్లలో ఉండగా కీ ముట్టుకోకూడదు. 5 బార్ వాటిని వర్షానికి, చెమటకి పెట్టుకోండి. అలల్లోకి దిగడానికి 10 నుంచి పైకి.

స్టీలు సంగతి. 304లో మాలిబ్డినం ఉండదు. 316ఎల్‌లో 2 నుంచి 3 శాతం, 904ఎల్‌లో 4 నుంచి 5 శాతం. ఉప్పు వల్ల వచ్చే సూదిమొన గుంటల తుప్పుని ఆపేది ముఖ్యంగా ఆ మాలిబ్డినమే. అమ్మేవాడు 904ఎల్ అన్నది నిజమో కాదో కంటితో, అయస్కాంతంతో తేలదు. లోహంలో ఏముందో చూపించే పీఎంఐ గన్ పెడితే క్షణాల్లో తెలుస్తుంది. రిఫైనరీ, షిప్‌యార్డ్ పనుల్లో ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్ల దగ్గర ఆ గన్ ఉంటుంది, మీ ప్లాంటులోనే ఎవరో ఒకరు దొరుకుతారు. కేసు ఒక గ్రేడు, చైను ఒక గ్రేడు, వెనక మూత ఇంకో గ్రేడు ఉండటం నకళ్లలో మామూలే, మూడూ విడివిడిగా చూడండి. చైనుని కేసుకి పట్టే స్ప్రింగ్ బార్లు ఎవరూ చూడరు. తుప్పు పట్టి విరిగేది అవే, వాచీ జారి పడేది అప్పుడే. వాటి ఖరీదు టీ కాఫీల ఖర్చంత, ఏడాదికోసారి మార్చేయండి.

మణికట్టు మీద దద్దుర్లు వస్తే అది నికెల్. చవక లోహం మీద పూత అరిగాక చెమటకి నికెల్ బయటికొస్తుంది. యూరప్‌లో చర్మానికి తగిలే వస్తువులకి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాముల పరిమితి ఉంది, అక్కడ అమ్మే వాచీలు దానికి లోబడాలి. నకలుకి ఆ లెక్కేమీ లేదు.

సముద్రం నుంచి వచ్చాక కీ మూసి ఉందో లేదో చూసుకుని కుళాయి నీళ్ల కింద నిమిషం పాటు కడగండి. బెజెల్ తిరిగేదైతే తిప్పుతూ కడగాలి, లేకపోతే దాని కింద ఉప్పు పేరుకుని బిగుసుకుపోతుంది. వేడినీళ్ల స్నానం, సబ్బు, షాంపూ వాచీకి వద్దు; రబ్బరుని అవి తొందరగా గట్టిపరుస్తాయి.

---

మాస్టర్‌కాపీ_మురళి:

అందరూ క్లోన్‌ని మరీ తీసిపారేస్తున్నారు గాని, ఇప్పటి సూపర్ క్లోన్లు పాత కాలం సరుకు కాదు బ్రదర్. టైమ్‌గ్రాఫర్ (వాచీ నడక కొలిచే యంత్రం) మీద పెడితే రోజుకి ప్లస్ 3 సెకన్లు, ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ వీల్ ఊగే కోణం) 285, బీట్ ఎర్రర్ (రెండు వైపుల ఊపుల మధ్య తేడా) 0.1 చూపిస్తాయి. 40 వేల స్విస్ ఆటోమేటిక్ చాలాసార్లు ప్లస్ 8, ప్లస్ 10 ఉంటుంది. సఫైర్ నిజంగా సఫైరే. సిరామిక్ కూడా నిజమే. 35 వేలకి ఆ ఫినిషింగ్ స్విస్‌లో చూపించండి చూద్దాం. నీళ్లంటారా, కొన్నాక ప్రెషర్ టెస్ట్ చేయించి రింగులు మార్పిస్తే సరిపోతుంది.

---

డయల్_డౌన్:

మురళి గారూ, సఫైర్, సిరామిక్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అవి ఇప్పుడు చవకగానే వస్తున్నాయి, బయటి ఫినిషింగ్ కూడా బాగుంటోంది. టైమ్‌గ్రాఫర్ అంకెల దగ్గర మాత్రం ఆగాలి.

అమ్మేవాళ్లు పంపే ఫొటో ఒకే భంగిమది: డయల్ పైకి, కీ పూర్తిగా ఇచ్చి. ఏ మెషిన్ అయినా ఆ భంగిమలో అందంగానే కనిపిస్తుంది. ఆరు భంగిమల్లో తీయాలి: డయల్ పైకి, కిందికి, కీ పైకి, కిందికి, ఎడమకి, కుడికి. వాటిలో బాగా ముందుకెళ్లేదానికీ బాగా వెనకబడేదానికీ మధ్య తేడా ఎంత అన్నదే అసలు అంకె. అదే కొలత 24 గంటల తర్వాత మళ్లీ తీయాలి. పూర్తి కీ మీద 285 ఉండి, ఒక్కరోజుకే నిలువు భంగిమల్లో 200 కిందికి జారితే లోపల రాపిడి ఉన్నట్టు.

ఇంకొకటి లిఫ్ట్ యాంగిల్, మెషిన్‌ని బట్టి టైమ్‌గ్రాఫర్‌లో ముందే పెట్టాల్సిన కోణం. ఈటీఏ 2824, సెలిటా 200కి 50 డిగ్రీలు. 3135 వరసకి 52. యంత్రంలో దీన్ని రెండు డిగ్రీలు ఎక్కువ పెడితే 270 ఉన్న ఆంప్లిట్యూడ్ 280 అని చూపిస్తుంది. ఫొటోలో ఆ మూల అంకె ఎవరూ చూడరు.

అదీ కాక టైమ్‌గ్రాఫర్ ఈ రోజు సంగతే చెబుతుంది. ప్యాలెట్ స్టోన్ మీద గ్రీజు లేకపోయినా, పివట్ పొడిగా ఉన్నా కొత్తలో అంకెలు బాగానే ఉంటాయి. అరుగుదల మొదలయ్యాక నల్లటి పొడి పేరుకుంటుంది, అప్పటికి పివట్ మీద గీతలు పడి ఉంటాయి. కాబట్టి ఎవరైనా క్లోన్ కొనే తీరుతామంటే, కొన్న వెంటనే పూర్తిగా విప్పి కడిగి నూనె వేయించాలి. వేగంగా తిరిగే చక్రాలకి మోబియస్ 9010, నెమ్మదివాటికి హెచ్‌పీ1300 లాంటి చిక్కటిది, ప్యాలెట్ స్టోన్లకి 9415. కొత్త వాచీకి ముందుగానే సర్వీసింగ్ ఖర్చు అన్నమాట. అది, రింగులు, ప్రెషర్ టెస్ట్ కలిపితే 35 వేలు 35 దగ్గర ఆగవు.

స్విస్ అంకెల సంగతికొస్తే, ఈటీఏ 2824-2 స్టాండర్డ్ గ్రేడుకి రోజుకి సగటున ప్లస్ మైనస్ 12 సెకన్లు, ఎలబొరే అనే పై గ్రేడు అయితే 7, టాప్ గ్రేడు అయితే 4. క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉన్నది మైనస్ 4 నుంచి ప్లస్ 6 లోపల. కాబట్టి ప్లస్ 8 అంటే లోపం అనుకోనక్కర్లేదు, ఆ గ్రేడు అంతే ఇస్తానని ముందే చెప్పింది.

---

మాస్టర్‌కాపీ_మురళి:

24 గంటల లెక్క సరే. ఆ కొలత ఇచ్చే సెల్లర్ నిజంగా ఎవరూ ఉండరు, అది ఒప్పుకుంటాను. కానీ సబ్‌మెరైనర్ లుక్ కావాలంటే ఏం చేయాలి?

---

డయల్_డౌన్:

హోమాజ్ వాచీ తీసుకోండి. ఆకారం అదే, డయల్ మీద వాళ్ల సొంత పేరు. లోపల సీకో ఎన్‌హెచ్35 గాని, మియోటా 9015 గాని, పీటీ5000 గాని ఉంటుంది, ఏది ఉందో పేజీలోనే రాస్తారు. ఎన్‌హెచ్35 రోజుకి మైనస్ 20 నుంచి ప్లస్ 40 అని సీకో చెప్పే లెక్క, నిజానికి దానికన్నా బాగానే నడుస్తుంది. పాడైతే మెషిన్ మొత్తం మార్చడమే చవక. బిల్లు వస్తుంది, ఎవరి పేరూ దొంగిలించినట్టు కాదు.

---

రిపేరు_బల్ల:

మాస్టార్ల వైపు నుంచి రెండు మాటలు. ప్రెషర్ టెస్ట్ చేయిస్తే సరిపోతుందన్నారు, అది ఎలా చేయించాలో కూడా తెలియాలి. ముందు డ్రై టెస్ట్: గాలి ఒత్తిడి పెట్టి కేసు ఎంత నొక్కుకుపోతుందో, ఆ నొక్కు ఎంత నిలబడుతుందో మైక్రాన్లలో చూస్తారు. అది పాసయ్యాకే నీళ్ల టెస్ట్. నేరుగా నీళ్లలో ముంచే షాపుకి వాచీ ఇవ్వకండి. ఫెయిలైతే టెస్టే వాచీని చంపుతుంది. ప్రెషర్ మెషిన్ లేని షాపులో వెనక మూత తీసి సెల్లు మార్పిస్తే, ఆ రోజుతో 10 బార్ అన్న మాట పోయినట్టే లెక్క.

లోపలికి తేమ చేరిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. వాచీని 40 నుంచి 45 డిగ్రీల దాకా వేడెక్కనివ్వాలి. అంతకన్నా వద్దు, స్టవ్ దగ్గర అసలు వద్దు. తర్వాత అద్దం మీద మామూలు చల్లటి నీటి చుక్క ఒక నిమిషం ఉంచి తుడిచేయాలి. అద్దం లోపలివైపు మంచులా పట్టి నిలిచిందంటే తేమ ఉంది. అప్పుడు కీ లాగి ఎండలో పెట్టడం, బియ్యం డబ్బాలో పెట్టడం లాంటివి చేయకండి. ఆలస్యం చేయకుండా విప్పించాలి.

క్లోన్లు బల్ల మీదికి వచ్చినప్పుడు చాలామంది మాస్టార్లు తీసుకోరు. పని రాక మాత్రం కాదు. ఒక స్క్రూ విప్పితే దాని మర ఊడొస్తుంది, ముల్లు పీకితే పైప్ వదులై మళ్లీ నిలవదు, చివరికి "నా వాచీ మీరే పాడుచేశారు" అన్న మాట పడాలి. పార్టు తెప్పించడానికి నంబరు ఉండదు. తీసుకున్నా గ్యారంటీ ఇవ్వరు, ఇవ్వకపోవడం న్యాయమే.

మా బల్ల మీద క్లోన్ల కన్నా ఎక్కువగా కనిపించే మోసం వేరే ఉంది. రంగు వేసిన డయల్, కొత్తగా పాలిష్ చేసిన కేసు, లోపల నాలుగు వాచీల పార్టులు కలిపిన పాత రాడో, ఫేవర్ లూబా. పాతవి "ఒరిజినల్ స్విస్, సర్వీస్ చేసినవి" అని అమ్ముతారు. డయల్ మీద అక్షరాల అంచులు లావుగా, గీతలు వంకరగా ఉంటే, కేసు మూలలు గుండ్రంగా అరిగి డయల్ మాత్రం నిగనిగలాడుతుంటే ముట్టుకోవద్దు. స్విస్ అన్న పేరు చూసి ఇటు పడకండి.

---

గాజువాక_రైడర్:

చాలా సంగతులు తెలిశాయి, అందరికీ థాంక్స్. క్లోన్ ఆలోచన మానేశాను. ఇప్పుడు క్వార్ట్జా, ఆటోమేటిక్కా? మా దగ్గర లిఫ్టింగ్ మాగ్నెట్లు, పెద్ద మోటార్లు ఉంటాయి. ఆటోమేటిక్‌కి ఇబ్బందా? ఇంకోటి, టిసాట్‌కి కూడా నకిలీలు ఉంటాయటగా, షోరూమ్‌లో ఏం చూసుకోవాలి?

---

ఉప్పుగాలి:

అయస్కాంతం తగిలితే ఆటోమేటిక్ ఒక్కసారిగా రోజుకి నిమిషాల లెక్కన ముందుకి పరుగెడుతుంది. హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకోవడం వల్ల అలా అవుతుంది. చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. ఫోన్‌లో కంపాస్ యాప్ తెరిచి వాచీని దగ్గర తిప్పండి, ముల్లు ఊగితే అయస్కాంతం పట్టింది. డీమాగ్నెటైజర్ ఉన్న షాపులో నిమిషం పని. ఐఎస్ఓ 764 ప్రకారం మామూలు వాచీ తట్టుకోవాల్సింది మీటరుకి 4,800 ఆంపియర్లు, అంటే సుమారు 60 గాస్. లిఫ్టింగ్ మాగ్నెట్ పక్కన అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కొత్త పవర్‌మ్యాటిక్ 80లలో నివాక్రోన్ హెయిర్ స్ప్రింగ్ వస్తోంది, అయస్కాంతాన్ని బాగా తట్టుకుంటుంది, కానీ మాగ్నెట్ కిందికే వెళ్లి నిలబడితే దానిక్కూడా భరోసా లేదు. బలమైన క్షేత్రంలో క్వార్ట్జ్ మోటారు కూడా ఆగుతుంది, కాకపోతే దూరం జరిగాక మళ్లీ నడుస్తుంది. టైము పెట్టుకుంటే చాలు.

షిఫ్టు చేతికి క్వార్ట్జే నా ఓటు. దెబ్బలు, కంపనాలు కూడా అదే బాగా తట్టుకుంటుంది.

---

వారంటీ_కార్డు:

షోరూమ్ ముచ్చట నేను చెబుతాను. బ్రాండు సొంత వెబ్‌సైట్‌లో స్టోర్ లొకేటర్ ఉంటుంది, విశాఖపట్నం అని కొట్టి అందులో పేరు వచ్చిన షాపుకే వెళ్లండి. బోర్డు మీద బ్రాండు లోగో ఉన్నంత మాత్రాన అధికారిక డీలర్ అయిపోరు. బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీ కార్డు మీద తేదీ, డీలర్ ముద్ర ఉండాలి, కార్డులో సీరియల్ కేసు వెనక ఉన్నదానితో కలవాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా రేపు సర్వీసులో వారంటీ కింద తీసుకోరు. ఆన్‌లైన్‌లో సగం ధరకి కొత్త స్విస్ వాచీ కనిపిస్తే అది నకిలీ గాని, వారంటీ లేకుండా పక్కదారిన వచ్చినది గాని.

క్లోన్ మానేశారు, మంచిదే. అయినా ఇది చదివే మిగతావాళ్ల కోసం: ట్రేడ్ మార్క్స్ చట్టం 1999, సెక్షన్ 103, 104 కింద నకిలీ ట్రేడ్ మార్క్ వేయడం, అలాంటి సరుకు అమ్మడం, అమ్మకానికి దగ్గర పెట్టుకోవడం నేరాలు. 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. "తెప్పించి ఇస్తా" అనే తెలిసినాయన కూడా ఇందులోకే వస్తారు. బిల్లు లేని సరుకు చెడిపోతే వినియోగదారుల కమిషన్‌లో చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

---

గాజువాక_రైడర్:

సరే, 10 బార్ క్వార్ట్జ్ ఖాయం. ఆటోమేటిక్ తర్వాతెప్పుడైనా చూస్తాను. క్వార్ట్జ్‌కి ఏం జాగ్రత్తలు?

---

రిపేరు_బల్ల:

పెద్దగా లేవు సార్. సెకన్ల ముల్లు ఒక్కో సెకనుకి కదలకుండా నాలుగేసి సెకన్లు గెంతుతుంటే సెల్లు అయిపోవస్తోందని ఆ వాచీ చెబుతున్నట్టు; ఈటీఏ క్వార్ట్జ్‌లలో ఆ ఏర్పాటు ఉంటుంది. అప్పుడే మార్పించండి. ఆగిపోయిన సెల్లుని నెలల తరబడి లోపల వదిలేస్తే కారి సర్క్యూట్‌ని తినేస్తుంది. పాత సెల్లు మీద ఉన్న నంబరే వేయించాలి. 371 ఉంటే 371యే, ఎస్ఆర్920ఎస్‌డబ్ల్యు అన్నా అదే సైజు. ఎల్ఆర్ అని మొదలయ్యే ఆల్కలైన్ సెల్లు సైజు సరిపోయినా వద్దు, వోల్టేజీ మెల్లగా జారిపోతూ ఉంటుంది, కారే గుణం కూడా ఎక్కువ.

సెల్లు మార్చిన ప్రతిసారీ వెనక మూత రబ్బరు రింగు కొత్తది, దానికి పల్చగా సిలికాన్ గ్రీజు, తర్వాత ప్రెషర్ టెస్ట్. రింగు మార్చకుండా మూత వేస్తుంటే ఆపి అడగండి. మీ వాడకానికి సెల్లు బాగున్నా రెండేళ్లకోసారి టెస్ట్ చేయించండి.

పీఆర్ఎక్స్ తీసుకుంటే ఒక సంగతి. దాని చైను క్లాస్ప్‌లో చిన్న సర్దుబాటు ఉండదు. మే నెలలో మణికట్టు ఉబ్బే సమయంలో లింకులు లెక్క చూసుకుని తీయించుకోండి, షోరూమ్ ఏసీలో బిగుతుగా కుదిరినది బయటికొచ్చాక నొక్కుతుంది. తీసిన లింకులు, పిన్నులు కవర్లో వేసి అడిగి తీసుకోండి, విడిగా దొరకడం కష్టం.

ఆటోమేటిక్ కొన్న రోజున రెండే గుర్తుపెట్టుకోండి. రాత్రి 9 నుంచి తెల్లవారి 3 మధ్య కీతో తేదీ మార్చకూడదు, ఆ టైములో తేదీ చక్రం పళ్లు కలిసి ఉంటాయి, విరుగుతాయి. రోజూ చేత్తో కీ ఇచ్చే అలవాటు కూడా వద్దు. ఆగిపోయినప్పుడు 15 నుంచి 20 తిప్పులు, ఆ తర్వాత చెయ్యి కదలికే చూసుకుంటుంది.